కంప్యూటర్‌లో కనపడని రిజిస్టరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా ముందు మాట్లాడినవారు బడి కబుర్లు చెప్పి మనందరినీ నవ్వించారు, కాస్త కళ్లు చెమర్చేలా కూడా చేశారు. నేను చెప్పబోయేది హార్డ్ డిస్కు గురించి. "స్వర్ణోత్సవం నాడు ఇదేం గోలండీ" అని కార్యదర్శిగారు కూడా మొదట అన్నారు. కానీ మన సంఘం యాభై ఏళ్ల కాగితాలు, బడి పాత ఫొటోలు, స్కాను చేసిన రిజిస్టర్లు అన్నీ ఇవాళ ఒక డిస్కులోనే ఉన్నాయి. ఆ డిస్కుకు ఏం జరిగిందో, అందులో నా పొరపాటు ఎంతో మీ ముందు చెప్పుకోవడం నా బాధ్యత. చివర్లో మీలో కొందరిని ఒకటి అడగాలి కూడా.

సంగతి ఇలా మొదలైంది. సంఘం గదిలో ఉన్న కంప్యూటర్లో డి డ్రైవు అంతా మన సామగ్రే. కొన్నేళ్లుగా స్కాను చేస్తూ పోయాం. ఒక్కో కాగితానికి నాలుగు ఫైళ్లు: అసలు స్కాను, పంపుకోవడానికి చిన్న కాపీ, తపాలా బిళ్ళంత బొమ్మ, అది ఏమిటో రెండు ముక్కలు రాసిన టెక్స్టు ఫైలు. అలా ఫైళ్లు లక్ష దాటాయి. డ్రైవులో ఖాళీ దాదాపు అయిపోయింది. ఫొటోల ఫోల్డరు తెరిస్తే టీ తాగి వచ్చేసరికి కూడా బొమ్మలు పూర్తిగా కనపడేవి కావు.

కమిటీవాళ్లు నన్ను పిలిచారు. కంప్యూటర్ల మరమ్మతే కదా నా వృత్తి. నేను వెళ్లేసరికే ఒక మిత్రుడు చోటు కోసమని, రెండోసారి స్కాను చేసినట్టు కనిపించిన ఒక ఫోల్డరును తీసేశాడు. షిఫ్టు నొక్కి మరీ డిలీట్ చేశాడు కాబట్టి అది రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లలేదు. నేను ఆ విషయం అడగలేదు. అలవాటు ప్రకారం రాత్రికి డీఫ్రాగ్ పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. పొద్దున్న వచ్చి చూస్తే ముక్కల శాతం దాదాపు సున్నా అని చూపించింది. ఫోల్డరు మాత్రం ఎప్పటిలాగే తెరుచుకోవడానికి మొరాయించింది.

డీఫ్రాగ్ అంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట. డిస్కును కంప్యూటరు చిన్న చిన్న గళ్లుగా విభజించుకుంటుంది. వాటిని క్లస్టర్లు అంటారు. మామూలుగా ఒక్కో గడి 4 కేబీ. ఫైలు పెద్దదైతే వందల, వేల గళ్లు కావాలి. పక్కపక్కన ఖాళీ దొరికితే సరే. దొరక్కపోతే ఇక్కడ కొంత, అక్కడ కొంత సర్దుతుంది. ఇలా ముక్కలు కావడమే ఫ్రాగ్మెంటేషన్. ఆ ముక్కల్ని మళ్లీ ఒకచోట చేర్చడం డీఫ్రాగ్.

ముక్కలైతే నష్టం ఎంత? నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్కు ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్లకు పైగా తీసుకుంటుంది. కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. దానికి ముందు ముల్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడానికి మామూలు డిస్కుల్లో మరో 9 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే ఒక్కో గెంతుకు సుమారు 13 మిల్లీసెకన్లు. వినడానికి ఏమీ కాదు. వెయ్యి ఫొటోలకు రెండేసి గెంతులు అనుకోండి, 26 సెకన్లు గెంతడానికే పోతాయి. చదవడం ఇంకా మొదలే కాలేదు.

మరి డీఫ్రాగ్ చేసినా వేగం ఎందుకు రాలేదు? ఇక్కడే మన బడి ఆఫీసు గది గుర్తు చేసుకోవాలి.

టీసీ కోసమో, పుట్టిన తేదీ కోసమో వెళ్తే గుమాస్తాగారు ఏం చేసేవారు? ముందు అడ్మిషన్ రిజిస్టరు తీసేవారు. నంబరు, పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ చూసి, దాన్నిబట్టి మిగతా కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో వెళ్లి తెచ్చేవారు. కాగితాలు ఎంత చక్కగా కట్టలు కట్టి ఉన్నా, రిజిస్టరే చిరిగి పేజీలు నాలుగు బీరువాల్లో పడి ఉంటే ఆయన ఏం చేయగలరు? ప్రతి పిల్లాడి కోసం ముందు పేజీని వెతకాలి, ఆ తర్వాత కాగితాన్ని వెతకాలి.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో అచ్చంగా ఇలాంటి రిజిస్టరు ఉంది. ఈ పద్ధతి 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. ఆ రిజిస్టరు పేరు మాస్టర్ ఫైల్ టేబుల్, పొట్టిగా ఎంఎఫ్‌టీ. డ్రైవులోని ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ అందులో కనీసం ఒక చీటీ ఉంటుంది. మామూలుగా చీటీ పరిమాణం 1 కేబీ. లక్ష ఫైళ్లు ఉంటే రిజిస్టరు సుమారు 100 ఎంబీ అవుతుంది. ఫైలు పేరు, తేదీలు, పరిమాణం, దాని ముక్కలు ఏయే గళ్లలో ఉన్నాయన్న జాబితా, అన్నీ ఆ చీటీ మీదే. ఫైలు మరీ ముక్కలైపోతే ఆ జాబితా ఒక్క చీటీలో పట్టక రెండో చీటీ, మూడో చీటీ కూడా వాడాల్సి వస్తుంది.

ఈ పద్ధతిలో రిజిస్టరు కూడా ఒక ఫైలే. మొదటి చీటీలో తన వివరమే తాను రాసుకుంటుంది. ఇలాంటి లోపలి ఫైళ్లు మరికొన్ని ఉన్నాయి. వాటి పేర్లు దాదాపు అన్నీ డాలర్ గుర్తుతో మొదలవుతాయి. డాలర్ లాగ్‌ఫైల్ అంటే జరగబోయే మార్పుల దినచర్య. కరెంటు పోతే డిస్కును మళ్లీ సరైన స్థితికి తెచ్చేది ఇదే. డాలర్ బిట్‌మ్యాప్ ఏ గడి ఖాళీ, ఏ గడి నిండింది అని చెబుతుంది. డాలర్ బ్యాడ్‌క్లస్ పాడైన గళ్ల లెక్క. డాలర్ ఎంఎఫ్‌టీమిర్ అనేది రిజిస్టరులోని మొదటి నాలుగు చీటీలకు నకలు. దాచిన ఫైళ్లను చూపించమని అడిగినా మామూలు ఫోల్డరు కిటికీలో ఇవి కనపడవు. కనపడవు కాబట్టే వాటి బాగోగులు ఎవరికీ గుర్తుండవు.

రిజిస్టరు ముక్కలు ఎందుకవుతుంది? దాన్ని తయారుచేసినవాళ్లు ఈ చిక్కును ముందే ఊహించారు. రిజిస్టరు పెరగడానికి పక్కనే కొంత చోటు వదిలిపెట్టారు. ఎక్స్‌పీ కాలం దాకా డ్రైవులో ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం, దానికోసం అట్టేపెట్టేవారు. విస్టా నుంచి 200 ఎంబీ చొప్పున కేటాయిస్తున్నారు. కానీ అది గట్టిగా తాళం వేసిన గది కాదు. మిగతా డ్రైవంతా నిండిపోతే కంప్యూటరు ఆ ఖాళీలో కూడా మామూలు ఫైళ్లు పెట్టేస్తుంది. ఆ తర్వాత కొత్త చీటీలు కావలసి వచ్చినప్పుడు రిజిస్టరు దొరికిన చోటల్లా పెరుగుతుంది. మనం చేసింది అదే. డ్రైవును అంచుదాకా నింపి, ఆపైన చిన్న చిన్న ఫైళ్లు వేలకు వేలు చేర్చాం.

ఇంకో సంగతి. ఫైళ్లు తీసేస్తే రిజిస్టరు చిన్నదవదు. ఆ చీటీల మీద "ఖాళీ" అని గుర్తు పెట్టి, తర్వాత వచ్చే ఫైళ్లకు వాడుకుంటుంది, అంతే. కాబట్టి ఫైళ్లు డిలీట్ చేసి రిజిస్టరును బాగుచేయలేం.

ఫోల్డర్ల సంగతీ అంతే. ఫోల్డరు అంటే పేర్ల సూచిక. ఒక్క ఫోల్డరులోనే పదుల వేల ఫైళ్లు పడేస్తే ఆ సూచిక పెరిగి, అది కూడా ముక్కలవుతుంది. మన ఫొటోల ఫోల్డరుకు ఈ జబ్బు కూడా ఉంది. ఎంఎఫ్‌టీ ఒక్కదాని మీదే నేరమంతా మోపను.

ఇక డీఫ్రాగ్ దీన్ని ఎందుకు సరిచేయలేదంటే, లోపలి ఫైళ్లను కదపడం కష్టం. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ అవి వాడుకలో ఉంటాయి. విండోస్ 2000తో వచ్చిన డీఫ్రాగ్ ఎంఎఫ్‌టీని అసలు కదపలేకపోయేది. ఎక్స్‌పీ నుంచి ఆ వీలు వచ్చింది. అయితే చేర్చడానికి ఎదురుగా పెద్ద ఖాళీ ఉండాలి. ఎక్స్‌పీ రోజుల్లో డీఫ్రాగ్ ప్రోగ్రాము సరిగ్గా పనిచేయాలంటే 15 శాతం ఖాళీ కావాలనేది. అంత ఖాళీ మన డ్రైవులో ఎక్కడిది? పైగా చివర్లో చూపించే శాతం మామూలు ఫైళ్ల ముచ్చటే ఎక్కువగా చెబుతుంది. విస్టా నుంచి 64 ఎంబీకి మించిన ముక్కల్ని ఆ లెక్కలోకే తీసుకోరు. నేను ఆ ఒక్క అంకె చూసి తృప్తిపడ్డాను.

చూడాల్సిన చోటు వేరే ఉంది. కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటరుగా తెరిచి, డీఫ్రాగ్ అని రాసి, డ్రైవు అక్షరం, పక్కన స్లాష్ ఏ, స్లాష్ వి అని ఇవ్వండి. ఏ అంటే పరీక్ష మాత్రమే, ఏదీ కదపదు. వి అంటే వివరంగా చెప్పమని. ఆ వివరాల్లో ఎంఎఫ్‌టీ పరిమాణం, ఎన్ని చీటీలు, ఎన్ని ముక్కలు అని విడిగా రాసి ఉంటుంది. రెండు మూడు ముక్కలుంటే మామూలే, నిద్ర పాడుచేసుకోకండి. మన డ్రైవులో అవి వందల్లో ఉన్నాయి. సిస్‌ఇంటర్నల్స్‌వారి కాంటిగ్ అనే చిన్న ప్రోగ్రాముతో డాలర్ గుర్తున్న మిగతా ఫైళ్ల ముక్కలు కూడా చూడొచ్చు.

సి డ్రైవులో మరో దాగిన ఫైలు ఉంటుంది, పేజ్‌ఫైల్. మెమరీ చాలనప్పుడు వాడుకునే చోటు అది. నడుస్తున్న విండోస్‌లో దాన్ని కూడా కదపలేం. ఎక్స్‌పీ కాలంలో దీనికోసం మార్క్ రుసినోవిచ్ పేజ్‌డీఫ్రాగ్ అనే ప్రోగ్రాము రాశారు. కంప్యూటరు లేచేటప్పుడే, పేజ్‌ఫైల్ వాడుకలోకి రాకముందే అది పని ముగించేది. అది లేకుండా చేసే పద్ధతి కూడా ఉంది. పేజ్‌ఫైల్ వద్దని చెప్పి, కంప్యూటరు ఆపి మళ్లీ వేసి, డీఫ్రాగ్ చేసి, తర్వాత కనీస, గరిష్ఠ పరిమాణాలు రెండూ ఒకటే ఇచ్చి మళ్లీ పెట్టుకోవడం. పెరగడం, తగ్గడం ఉండదు కాబట్టి మళ్లీ ముక్కలు కాదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను.

వారం తర్వాత సావనీరు పనిచేస్తున్న మిత్రులు పాత గ్రూపు ఫొటోల ఫోల్డరు ఏదని అడిగారు. మీలో కొందరు ఇంట్లో గోడ మీది పటాలు విప్పి, ఫొటోలు తెచ్చి ఇస్తే స్కాను చేసి తిరిగి ఇచ్చాం, గుర్తుందా? ఆ ఫోల్డరే. రెండో కాపీ అనుకుని తీసేసింది దాన్నే. అదే ఉన్న ఒక్క కాపీ.

ఫైలును డిలీట్ చేసినప్పుడు అందులోని సమాచారం వెంటనే చెరిగిపోదు. చీటీ మీద ఖాళీ అని గుర్తు పడుతుంది, గళ్లు ఖాళీ లెక్కలోకి వెళ్తాయి. వాటి మీద ఇంకేదీ రాయనంతవరకు ఫైలు తిరిగి దొరికే అవకాశం ఉంది. ఆ క్షణంలో చేయాల్సింది ఒకటే: డ్రైవును ముట్టుకోకపోవడం. నేను దానికి సరిగ్గా ఎదురు పని చేశాను. డీఫ్రాగ్ రాత్రంతా ఫైళ్ల ముక్కల్ని తీసుకెళ్లి ఆ ఖాళీ గళ్లలోనే సర్దింది. ఫోల్డరు తీసేసిన మిత్రుణ్ణి ఎవరూ ఏమీ అనకండి. ఆయన చేసింది దిద్దుకోగల తప్పు. దాన్ని దిద్దుకోలేని తప్పు చేసింది నేను.

రికవరీ ప్రోగ్రాము పెట్టి చూశాను. రిజిస్టరులో చీటీలు చాలావరకు అలాగే ఉన్నాయి. పేర్లు దొరికాయి, తేదీలు దొరికాయి, పరిమాణాలు దొరికాయి. తెరిస్తే కొన్ని అసలు తెరుచుకోలేదు. ఒకటి సగం తెరుచుకుంది. పదో తరగతి గ్రూపు ఫొటో. పైన బెంచీల మీద నిలబడ్డ పిల్లలు ఉన్నారు. కింద అంతా బూడిద రంగు. కుర్చీల్లో కూర్చున్న మాస్టార్లు లేరు. ఆ రాత్రి నేను ఇంటికి వెళ్లి అన్నం తినలేదు.

కానీ ఒకటి దక్కింది. ఆ ఫోల్డరులో చిన్న టెక్స్టు ఫైలు ఉండేది. ఎవరి దగ్గర ఏ ఫొటో తీసుకున్నామో రాసుకున్న జాబితా, పొడి అక్షరాలతో పదిహేడు పేర్లు. ఫైలు మరీ చిన్నదైతే, సుమారు 700 బైట్ల లోపు అయితే, ఎన్‌టీఎఫ్‌ఎస్ దానికి వేరే గడి ఇవ్వదు. అందులోని రాతను రిజిస్టరు చీటీలోనే పెట్టేస్తుంది. డీఫ్రాగ్ గళ్ల మీద రాసింది గానీ ఆ చీటీని ముట్టుకోలేదు. కొత్త ఫైలేదీ ఆ చీటీని తీసుకోలేదు. పదిహేడు పేర్లూ అక్షరం పోకుండా తిరిగి వచ్చాయి. ఫొటోలు పోయాయి గానీ, అవి ఎవరి ఇంట్లో ఉన్నాయో తెలిసింది.

ఆ తర్వాత చేసిన పని చెబుతాను, మీ ఇంట్లోనూ పనికొస్తుంది. ముందు డి డ్రైవులో ఉన్నదంతా రెండు వేరువేరు బయటి డిస్కుల్లోకి కాపీ చేశాం. ఫైళ్ల సంఖ్య, పరిమాణం సరిచూసుకున్నాం. అక్కడొకటి, ఇక్కడొకటి తెరిచి చూశాం. రికవరీతో ఇక దొరికేది ఏమీ లేదని తేలాకే డ్రైవును ఫార్మాట్ చేశాం. ఫార్మాట్ చేస్తే రిజిస్టరు కొత్తగా మొదలవుతుంది. ఖాళీ డ్రైవులో ఫైళ్లు తిరిగి చేరుతుంటే అది తన చోట్లోనే పెరుగుతుంది. ఈసారి తపాలా బిళ్ళ బొమ్మల్ని పక్కన పెట్టాం, ఫొటోల్ని సంవత్సరం వారీగా ఫోల్డర్లు చేశాం, డ్రైవులో ఐదో వంతు ఖాళీ వదిలాం. ఇప్పుడు ఫోల్డరు తెరిస్తే టీకి లేవనక్కర్లేదు.

కొందరు అడుగుతున్నారు, "ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు కదా" అని. నిజమే. అందులో తిరిగే పళ్లెం లేదు, జరిగే ముల్లు లేదు. ముక్కలైతే హార్డ్ డిస్కుకు ఉన్నంత నష్టం ఉండదు. దాన్ని పాత పద్ధతిలో పదేపదే డీఫ్రాగ్ చేస్తే ఊరికే రాతలు పెరిగి అరుగుతుంది. అందుకే విండోస్ 8 నుంచి డ్రైవ్‌లను సర్దే ప్రోగ్రాము ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ అనే వేరే పని చేస్తుంది. ఖాళీ అయిన గళ్లేవో డ్రైవుకు చెప్పడమే ఆ పని. దానివల్ల వేగం నిలబడుతుంది. కానీ డిలీట్ చేసినది తిరిగి రావడం దాదాపు ఉండదు. వేగం పెరిగింది కాబట్టి జాగ్రత్త తగ్గించుకోవచ్చని అనుకోవద్దు. అక్కడ పోయినదానికి సగం ఫొటో కూడా మిగలదు.

కాబట్టి సర్దే ముందు ఏం పోయిందో అడగండి. అడిగాక కాపీ తీయండి. ఆ తర్వాతే సర్దండి. ఈ వరస తప్పినందుకే ఇవాళ మీ ముందు నిలబడి ఇదంతా చెప్పుకుంటున్నాను.

ఇక నా మనవి. ఆ పదిహేడు మందిలో తొమ్మిది మంది ఇప్పటికే ఫొటోలు మళ్లీ తెచ్చి ఇచ్చారు. వాటిని ఈ సావనీరులో చూస్తారు. ఇద్దరు మన మధ్య లేరు. వాళ్ల పిల్లలతో మాట్లాడుతున్నాం. మిగిలిన ఆరుగురి చిరునామాలు మారిపోయాయి. పొడి అక్షరాలు, పాసైన సంవత్సరం తప్ప ఇంకేమీ తెలియదు. ఆ ఆరు పేర్లూ గుమ్మం దగ్గర బల్ల మీద రాసి పెట్టాను. వెళ్లేటప్పుడు ఒకసారి చూడండి. మీ బెంచీలో కూర్చున్నవాళ్లు ఉండొచ్చు. మీ పేరే ఉండొచ్చు. ఉంటే ఆ పటం ఇంకొక్కసారి గోడ మీంచి దించండి. నేనే మీ ఇంటికి వచ్చి, మీ ఎదుటే స్కాను చేసి, మేకుకు తగిలించి వస్తాను.

ఆ కుర్చీల్లో కూర్చున్న మాస్టార్లలో ఇద్దరు ఇవాళ ముందు వరుసలోనే ఉన్నారు. వారికి ఆ ఫొటో పూర్తిగా చూపించాలని నా కోరిక.